మంత్రగత్తెతో అభా దాకా

"సౌదీలో ఒక మంత్రగత్తెతో కలిసి కారులో కొండలెక్కి వచ్చానే" అని చెప్పగానే తణుకులో ఉన్న మా అక్క ఫోన్ పెట్టేసింది. కాసేపాగి మళ్ళీ తనే చేసి, "నీకేం కాలేదు కదా?" అంది. నాకేమీ కాలేదు, దుక్కలా ఉన్నాను. అయితే దారిలో ఒక మనిషి బతుకు గాల్లో దీపం అయిన మాట నిజం. అది ఆ మంత్రగత్తె వల్ల మాత్రం కాదు. ఎవరి వల్లో మీరే చదివి తేల్చండి.

యాన్బు: సంచుల తనిఖీ

మేముండేది యాన్బులో. ఎర్రసముద్రం ఒడ్డున రిఫైనరీలూ, పైపులూ, పొగగొట్టాలూ ఉన్న ఊరు. మావారు ఒక ప్లాంటులో ఇంజనీరు, నేను నీళ్ళు పరీక్షించే ల్యాబులో పని చేస్తాను. మా ఏసీ మొరాయించినప్పుడల్లా వచ్చి బాగుచేసే మనిషి యాదగిరి. ఊరు జగిత్యాల దగ్గర. పదిహేనేళ్ళ పైమాటే ఇక్కడికొచ్చి. ఈ మధ్యే ఫైనల్ ఎగ్జిట్ పెట్టుకున్నాడు, అంటే ఇక్కడి కొలువు వదిలేసి ఇంటికి వెళ్ళిపోవడం. ఆ సమయంలో మనిషి మీద ఎంత చిన్న కేసు పడినా ప్రయాణం అక్కడే ఆగిపోతుంది. అది తేలేదాకా ఎటూ కదలడానికి లేదు.

ఒకరోజు ఏసీ మూత బిగిస్తూ అన్నాడు. "మేడం, ఈ దేశంల చలి వెట్టే జాగ ఉన్నదట గద. ఇన్నేండ్లుంటి, ఎండ దప్ప ఏం జూడలే. పోయేలోపట అభా ఒక్కపారి జూడాలె."

చూద్దాం పద అన్నాను. వాడి పాత కారు ఉంది, అమ్మేలోపు ఒక ప్రయాణం చేయిద్దాం. పెట్రోలు నాది, స్టీరింగు వాడిది. మావారు ప్లాంటు షట్‌డౌన్ మరమ్మతుల్లో ఇరుక్కుని రాలేనన్నారు. యాదగిరి భార్య రాజవ్వ ఫోన్ చేసింది. "మేడం, మా ఆయనను మంచిగ తోల్కపోయి మంచిగ తోల్కరాండ్రి. ఏ లొల్లి లేకుంట ఇంటికి రావాలె, గంతే."

"నా పూచీ రాజవ్వా, చీమ కుట్టనివ్వను" అన్నాను. మాటివ్వడంలో మా ఇంట్లో ఎవరూ వెనకాడరు.

మూడో మనిషి గ్వెన్. అసలు పేరు అది కాదు. వేల్స్ నుంచి వచ్చి ఇక్కడ కాలేజీలో ఇంగ్లీషు చెబుతుండేది, మా పక్క విల్లాలోనే ఉండేది. ఇప్పుడు ఉద్యోగం ముగించుకుని వాళ్ళ దేశం వెళ్ళిపోయింది కాబట్టే ఇది రాస్తున్నాను. పరిచయమైన రెండో ఏడు టీ తాగుతూ, నాకు షుగరుందండీ అన్నంత మామూలుగా, "నేను విచ్‌ని" అంది. వాళ్ళ మతం పేరు విక్కా అట. నేను కప్పు కింద పెట్టి, ముందు తలుపు గడియ వేసి, తరవాత మిగతాది చెప్పమన్నాను. ఎందుకంటే ఈ దేశంలో మంత్రతంత్రాలు నేరం. తాయెత్తు కట్టినా, కట్టించుకున్నా చిక్కే. సరదా మాట కాదు, చట్టం.

అభా అడవుల్లో వాళ్ళ పండుగ ఒకటి జరుపుకుంటానని తనూ బయల్దేరింది. సరే అని ముందుగా దాని సంచి తనిఖీ చేశాను. సగం కాలిన కొవ్వొత్తి, రంగురాళ్ళ సంచి, బొమ్మల కార్డుల కట్ట, నల్ల పిడి ఉన్న చిన్న కత్తి దొరికాయి.

"ఏంటమ్మా ఇది, కూరగాయలకా?"

"కాదు. దాంతో ఏదీ కోయకూడదు. గాలిలో గీత గీయడానికి."

"గాలిలో గీత గీస్తే ఇక్కడ నేల మీద గోడల మధ్య కూర్చోబెడతారు. అన్నీ బీరువాలో పెట్టి తాళం వెయ్."

పాపం, అన్నీ పెట్టేసింది. యాదగిరి నన్ను పక్కకి పిలిచి గొంతు తగ్గించాడు. "మేడం, గీమె బాణామతి గిట్ల చేస్తదా ఏంది?"

"చెయ్యదయ్యా. నువ్వు కారు తియ్యి."

జెడ్డా దారి: కారులో పాఠం

ఎడారి రోడ్డు మీద చూడ్డానికేమీ ఉండదు. ఒంటెలు, హోర్డింగులు, మళ్ళీ ఒంటెలు. అందుకని గ్వెన్‌ను నేను ప్రశ్నలతో ఊపిరాడనివ్వలేదు. చీపురు మీద ఎగురుతావా అంటే, "జెడ్డా ట్రాఫిక్‌లో ఎగరగలిగితే నాకంటే అదృష్టవంతురాలు ఉండదు" అంది.

దాని మాటల్లో నాకు అర్థమైంది ఇది. విక్కా అనేది పాత మతమని కొందరు గొప్పగా చెప్పుకుంటారు కానీ, నిజానికి మన తాతల కాలంలో ఇంగ్లండులో పుట్టిన కొత్త మతం. పాత ఆచారాల ముక్కలు ఏరుకుని కుట్టుకున్న బొంత. వాళ్ళకొక అమ్మవారు ఉంటుంది, కొమ్ములున్న అయ్యవారు ఉంటాడు. అమ్మవారు చంద్రుడితో పాటు పెరిగి తరుగుతుంది, అయ్యవారు పంటతో పాటు పుట్టి చస్తాడు. సైతాను వాళ్ళ లెక్కలోనే లేడు, ఆయన వేరేవాళ్ళ సొత్తు. ఇంతకంటే పెద్ద గొడుగు పేరు పేగన్. దాని కింద చెట్లను కొలిచేవాళ్ళు, ఉత్తరాది మంచుదేశాల పాత దేవుళ్ళను మళ్ళీ పూజించేవాళ్ళు, విక్కా వాళ్ళు, అందరూ నిలబడతారు. కొందరు గుంపుగా చేస్తారు, కొందరు గ్వెన్‌లాగా ఒంటరిగా.

"మరి మంత్రాలు?"

"మంత్రం వేరే, మతం వేరే. మంత్రం ఏ మతమూ లేనివాళ్ళూ చేస్తారు. మా విక్కాలో ఒకటే షరతు, ఎవరికీ కీడు చేయకుండా నీ ఇష్టమొచ్చింది చేసుకో. చేసింది మూడింతలై తిరిగొస్తుందని కూడా అంటారు."

యాదగిరి అద్దంలోంచి చూశాడు. వాడికి నేను తెలుగులో చెబుతూనే ఉన్నాను. "మూడింతలంటే మంచిదే గద మేడం. మా దిక్కు బాణామతి జేసిందని ఒక ముసలామెను కొట్టి సంపిన్రు. ఆమె ఏం జెయ్యలే. మా రాజవ్వకు పురుడు వోసిన ఆమెనే."

ఇది గ్వెన్‌కు చెప్పాను. తను అద్దంలో యాదగిరి వైపు చూసింది. తర్వాత, "మా దేశంలో కూడా అలా ఆడవాళ్ళను ఉరి తీశారు, కాల్చారు. వాళ్ళలో మంత్రగత్తెలు ఎవరూ లేరు, మందులిచ్చేవాళ్ళు, పురుడు పోసేవాళ్ళు, ఒంటరివాళ్ళు. ఆ పేరుతో చంపారు కాబట్టే నేను ఆ పేరు పెట్టుకున్నాను" అంది. యాదగిరి అప్పట్నుంచి దాన్ని గ్వెన్ మేడం అనడం మొదలుపెట్టాడు.

బలద్: సొట్ట

జెడ్డాలో బలద్ అని పాతబస్తీ. పగడపురాయి గోడల ఇళ్ళు, వాటికి ముందుకు పొడుచుకొచ్చిన చెక్క కిటికీలు, కొన్ని ఇళ్ళు పక్కింటి భుజం మీద వాలి నిలబడ్డాయి. సందుల్లో సాంబ్రాణి పొగ. గ్వెన్ ఆ పొగలో కళ్ళు మూసుకుని నిలబడిపోయింది. ఇక్కడ ఇంటింటా బుఖూర్ అని సుగంధ ధూపం వేస్తారు, దానికి ఎవరి అభ్యంతరమూ లేదు. "నేను చేసే దానిలో సగం వీళ్ళు రోజూ చేస్తున్నారు" అని నవ్వింది. ఉడికించిన శనగల మీద వెనిగర్, ఊరగాయ నీళ్ళు పోసి ఇచ్చే బలీలా తిన్నాం. గిన్నె అయిదు రియాళ్ళు. మన బీచిలో అమ్మే గుగ్గిళ్ళే, కొబ్బరి లేదు, పులుపుంది.

తిరిగొచ్చేసరికి కారు ముందు తలుపుకి చేటంత సొట్ట. నీళ్ళ ట్యాంకరు ఏదో ఒరుసుకుని పోయింది. యాదగిరి దాన్ని అరచేత్తో నిమురుతూ నిలబడ్డాడు. "అమ్ముకునే బండి మేడం. పొయ్యేముందట గిట్లైంది. ఇంక ఏమేం అయితదో."

ఆ మాట నాకు నచ్చలేదు. పనివాళ్ళ క్యాంపులో వాడి గదిలోవాళ్ళందరి కళ్ళూ వాడి ఫైనల్ ఎగ్జిట్ మీదే, వాడి కారు మీదే. దిష్టి కాకపోతే ఇంకేమిటి? నేను చూస్తూ ఊరుకునే రకాన్ని కాను.

మర్నాడు పొద్దున్నే లేచి కూరగాయల బండి దగ్గరికి వెళ్ళాను. బంగ్లాదేశ్ అతను నిమ్మకాయ, పచ్చిమిరపకాయలు కట్టిస్తూ, "ఔర్ కుఛ్, ఆపా?" అన్నాడు, ఇంకేమైనా కావాలా అక్కా అని. పక్క కొట్లో నల్లదారం కొన్నాను. యాదగిరి టీ తాగడానికి వెళ్ళినప్పుడు నిమ్మకాయా మిరపకాయలూ దారానికి గుచ్చి, మా నాయనమ్మ చేసినట్టే ఒక్కోదానికీ ఒక్కో ముడి బిగించి, ముందు బంపరు లోపల ఎవరికీ కనపడకుండా కట్టేశాను. వాడికి చెప్పలేదు. చెబితే భయపడతాడు, వద్దంటాడు. ఇంటికెళ్ళాక చెబుదాం అనుకున్నాను.

గ్వెన్ మాత్రం వెనక నిలబడి అంతా చూసింది. "ఇది ముడుల మంత్రం. పక్కా మంత్రం" అంది.

"మంత్రమేంటి నీ మొహం! దిష్టి. మాకు ప్రతి లారీకీ ఉంటుంది."

"నా కొవ్వొత్తి ముక్క బీరువాలో పెట్టించావు కదా?"

"నీది విద్య, నాది ఆచారం. రెంటికీ పోలికేంటి?" అని చేతులు దులుపుకున్నాను. ఆ సమాధానం నాకు అప్పుడు చాలా బాగుందనిపించింది.

సముద్రం పక్కన: ఎనిమిది పండుగలు

జెడ్డా దాటాక రోడ్డు సముద్రం పక్కనే దక్షిణానికి పోతుంది. కున్‌ఫుదాలో సయాదియా తిన్నాం. ఉల్లిపాయలు నల్లగా వేయించి, ఆ నీళ్ళలో వండిన గోధుమరంగు అన్నం మీద చేప. ముగ్గురికి అరవై రియాళ్ళు. చేప తాజాగా ఉంది, కారం సున్నా. నా సంచిలోంచి గోంగూర పచ్చడి తీశాను. హోటలు కుర్రాళ్ళు కూడా వేలితో రుచి చూసి "హార్, హార్!" అంటూ, కారం కారమని గెంతారు.

గ్వెన్ తన పండుగ గురించి అక్కడే చెప్పింది. విక్కా వాళ్ళకు ఏడాది ఒక చక్రం. సూర్యుడి నడకను బట్టి నాలుగు, వాటి మధ్యన నాలుగు, మొత్తం ఎనిమిది పండుగలు. ఇప్పుడొచ్చేది పగలూ రాత్రీ సమానమయ్యే రోజు, పంట ఇంటికి చేరే పండుగ. "యాన్బులో చెట్టు రంగు మారదు, పంట లేదు. అక్కడున్నన్నాళ్ళూ నాకు ఒక్క పండుగా పండుగలా అనిపించలేదు" అంది.

యాదగిరి తలూపాడు. "మా బతుకమ్మ గూడ గిప్పుడే గద మేడం. పూలే దేవత. ఆడోళ్ళు పూలు వేర్చి, చుట్టు తిరిగి పాడి, చెరువుల ఇడుస్తరు. గ్వెన్ మేడంకు చెప్పుండ్రి, రాజవ్వ పేరిస్తే మా వాడల అంత పొడుగు ఎవ్వలూ పేర్వరని."

చెప్పాను. గ్వెన్ కళ్ళు పెద్దవి చేసుకుని, పూలనే దేవతగా చేసి మళ్ళీ నీళ్ళకే ఇచ్చేస్తారా అని రెండుసార్లు అడిగింది. వచ్చే ఏడు రమ్మన్నాడు యాదగిరి, బస్సు నంబరుతో సహా.

అభా: పూలు పెట్టుకున్న మగవాళ్ళు

అభా ఎక్కే ఘాటు రోడ్డు సొరంగాలు దూరుతూ, వంతెనల మీద గాల్లో వేలాడుతూ పోతుంది. చెవులు మూసుకుపోయాయి. పైకి చేరేసరికి పొగమంచు. యాదగిరి కారాపి బయటికి దిగి, చేతులు చాచి, నోట్లోంచి ఆవిరి వదిలి చూసుకున్నాడు. "చలి మేడం! నిజంగనే చలి!" అని అరిచాడు. అంత సంతోషం వాడి మొహంలో నేనెప్పుడూ చూడలేదు. నాకు కూడా కడుపు నిండిపోయింది.

అంగడిలో ముసలివాళ్ళు తలకి పూలదండలు చుట్టుకుని కూర్చున్నారు. బంతిపూలు, రుద్రజడ, ఇంకేవో ఆకులు. కొండకింది తిహామా పల్లెల ఆచారమట. నడుముకు వంకీ కత్తి, తలమీద బంతిపూలు, చేతిలో మొబైలు. "మగోళ్ళు పూలు వెట్టుకున్నరు మేడం" అని యాదగిరి ఆగిపోయాడు. ఒక ముసలాయన వాడి చూపు గమనించి ఒక దండ తీసి వాడి తలకే పెట్టేశాడు. ఎంతని అడిగితే చెయ్యి ఊపేశాడు. మన దగ్గరైతే ఆడవాళ్ళం మూరకింతని బేరమాడి కొంటాం.

కొండమీద పల్లెలో ఫాయెజ్ అనే అతని రాతి ఇంట్లో బస. పడుచువాడు, మర్యాదస్తుడు, పర్యాటకులకు రెండు గదులు అద్దెకిస్తాడు. వాళ్ళమ్మను అందరూ ఉమ్ ఫాయెజ్ అంటారు, ఫాయెజ్ తల్లి అని. మన వాడల్లో "ఫలానావాళ్ళ అమ్మ" అంటాం, అలాగే. పసుపు తలగుడ్డ, దాని మీద వెదురుబుట్టలాంటి టోపీ. లోపలి గోడలన్నీ ఆమే రంగులు వేసింది. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ గీతలు, ముక్కోణాలు, నిచ్చెనలు. ఇక్కడి ఆడవాళ్ళ విద్యట ఇది. నేలమీద వేసే ముగ్గు గోడెక్కినట్టుంది. అరీకా పెట్టింది. వేడి రొట్టెను చిదిమి, నెయ్యీ తేనే పోసి పిసికినది. "అరే, బతుకమ్మకు జేసే మలీద ముద్ద!" అని యాదగిరి మూడుసార్లు పెట్టించుకున్నాడు.

మర్నాడు తెల్లవారుజామున గ్వెన్ పండుగ. ఇంటి వెనక గుట్టమీద జునిపర్ చెట్ల మధ్య నిలబడింది. కొవ్వొత్తి లేదు, కత్తి లేదు. వట్టి చూపుడువేలితో తన చుట్టూ గాలిలో ఒక వలయం గీసుకుంది. తూర్పుకు తిరిగి గాలిని, దక్షిణానికి నిప్పును, పడమటికి నీటిని, ఉత్తరానికి మట్టిని పిలిచి నిలబడింది. మన పంచభూతాల్లో నాలుగు వచ్చేశాయి. దానిమ్మపండు ఒలిచి కొంచెం నేలకిచ్చి, మిగిలింది మా ఇద్దరికీ పంచింది. అంతే పండుగ. దూరం నుంచి చూసేవాళ్ళకు ఒకావిడ వ్యాయామం చేసి పండు తిన్నట్టే ఉంటుంది.

"సామాన్లేమీ లేకుండా సరిపోతుందా?" అన్నాను.

"కత్తి చేతికి పొడిగింపు. చెయ్యి ఉన్నప్పుడు కత్తెందుకు?" అంది. దాని కళ్ళు చెమ్మగిల్లాయి, మొహం మాత్రం వెలిగిపోతోంది.

కోతి చేసిన పని

ఈ కొండల్లో పెద్ద జూలున్న కోతులు మందలుగా తిరుగుతాయి. మా కారు దగ్గర కూడా చేరాయి. గిన్నెలు మోగించి తరిమాం. ఒకటి మాత్రం బంపరు కింద చెయ్యి పెట్టి ఏదో లాగి, కొరికి, కీచుమని అరిచి, చేతిలోది విసిరేసి పారిపోయింది. అది పోయి ఫాయెజ్ గడప ముందు పడింది.

నల్లదారం. నలిగిన నిమ్మకాయ. మిరపకాయలు. ముడులు.

ఫాయెజ్ వంగి చూశాడు, ముట్టుకోలేదు. వాడి మొహంలో రంగు మారిపోయింది. తర్వాత తెలిసింది నాకు, దిష్టి అంటే వీళ్ళకు కూడా నమ్మకమే కానీ, దానికి ఖురాను చదువుకోవాలి తప్ప ఏదీ కట్టకూడదు. పైగా దారానికి ముడులు వేసి ఊదేవాళ్ళ కీడు నుంచి కాపాడమని వీళ్ళు రోజూ ప్రార్థన చేస్తారు. వీళ్ళ భయాలన్నిట్లో నేను సరిగ్గా దాన్నే ఏరి కట్టాను.

"హాదా సిహ్ర్!" అన్నాడు. ఇది చేతబడి అని. "ఎవరిది? ఈ కారు ఎవరిది?" జేబులోంచి ఫోన్ తీశాడు.

యాదగిరి దారం వంక చూశాడు, నా వంక చూశాడు. ఒక్క క్షణంలో అంతా అర్థమైపోయింది వాడికి. తలమీది పూలదండ తీసి చేత్తో పట్టుకుని, ముందుకు నడిచి, అరబ్బీలో, "కారు నాది. ఇదీ నాదే" అన్నాడు.

ఆ మాట అంటే వాడి ప్రయాణం ముగిసినట్టే. ఎగ్జిట్ లేదు, రాజవ్వ లేదు. నా పూచీ ఏమైంది?

"నోర్ముయ్ యాదగిరీ!" అని అరిచాను. ఫాయెజ్ ముందు నిలబడి నా గుండె మీద చెయ్యి పెట్టుకున్నాను. "నేను. నేనే కట్టాను. వాడికి తెలియను కూడా తెలియదు. ఇది చెప్పు, ఉన్నదున్నట్టు చెప్పు" అన్నాను యాదగిరితో.

"మేడం, వద్దు. మీరు ఈడ ఉండే ఇకామా, సార్ నౌకరి..."

"చెప్తావా, సైగలు చెయ్యమంటావా?"

చెప్పాడు. ఫాయెజ్ ఫోన్ ఇంకా చేతిలోనే ఉంది. అరుపులకి ఉమ్ ఫాయెజ్ బయటికొచ్చింది. అప్పుడు గ్వెన్ కదిలింది. దేవుడా, ఇది ఇప్పుడు నేను విచ్‌ని అంటుందేమో అని నా పై ప్రాణాలు పైనే పోయాయి. దాని పద్ధతి దానిది, అబద్ధం ఆడదు. కానీ అది ముసలావిడ వైపు చూసి నెమ్మదిగా అంది, "మా ఊళ్ళో పెద్దవాళ్ళు ఒక మాట చెబుతారు. ముడి తెంపకూడదు. వేసిన చేతితోనే విప్పాలి. ఆమెను విప్పనివ్వండి."

నేను తెలుగులో చెబితే యాదగిరి అది అరబ్బీలో చెప్పాడు. ఉమ్ ఫాయెజ్ గ్వెన్ మొహంలోకి చాలాసేపు చూసింది. ఏం చూసిందో నేను చెప్పలేను. "ఈమె చెప్పింది నిజం" అని, కొడుకు చేతిలోని ఫోన్ మీద తన చెయ్యి వేసి కిందికి దించింది. ఇత్తడి గిన్నెలో నీళ్ళు తెప్పించి నన్ను గడప మీద కూర్చోబెట్టింది.

గడప మీద

ఉమ్ ఫాయెజ్ పెదవులు కదుపుతూ ఖురాను చదువుతోంది, నేను ముడులు విప్పుతున్నాను. బిగించేటప్పుడు ఎంత గొప్పగా బిగించానో! గోళ్ళు విరిగాయి. మిరపకాయలు చిట్లి వేళ్ళన్నీ మంట. ఒక ముడి దగ్గర చెమట పట్టి, మరిచిపోయి చేత్తో కళ్ళు తుడుచుకున్నాను.

ఇంక చూడండి నా అవస్థ. "అమ్మో, అమ్మో!" అని గంతులేశాను. కళ్ళలోంచి ధారలు. గ్వెన్ నీళ్ళంటుంది, యాదగిరి పాలంటాడు. ఉమ్ ఫాయెజ్ నా తల ఒళ్ళో పెట్టుకుని చల్లటి పాలలో గుడ్డ ముంచి కళ్ళు తుడిచింది. ఆమె పొట్ట అదురుతోందేమిటా అని ఒక కన్ను తెరిచి చూస్తే నవ్వుతోంది. మొదట ఆమె, తర్వాత గ్వెన్, చివరికి ఫాయెజ్ కూడా మొహం తిప్పుకుని నవ్వాడు. ఇంత ఏడ్చే మంత్రగత్తెను ఎక్కడా చూడలేదన్నాడట.

మిగతా ముడులు గుడ్డిగా తడుముకుంటూ విప్పాను. ఉత్త దారాన్ని ఉమ్ ఫాయెజ్ నీళ్ళలో వేసింది. ఆమె మాటలు యాదగిరి తెలుగులో చెబుతూ వచ్చాడు. "నీ భయం నాకూ ఉంది. చెడు కన్ను నిజం. కానీ మిరపకాయ కూరలోకి, దారం కుట్టుపనికి. మనిషిని దేవుడికి అప్పచెప్పాలి, దారానికి కాదు" అంది. ఫాయెజ్ ఎవరికీ ఫోన్ చేయలేదు. వాడు నా దగ్గరికి వచ్చి, "మా అమ్మ విప్పించింది కాబట్టి అయిపోయింది. మళ్ళీ ఎక్కడా కట్టకండి, అందరూ మా అమ్మలా ఉండరు" అన్నాడు. ఆ మాట నిజం, నేను ఒప్పుకున్నాను.

తర్వాత ఆమె తన తలగుడ్డలోంచి ఒక నీలపు ఆకుపచ్చ రెమ్మ తీసి నా ముక్కు దగ్గర పెట్టింది. ఘాటైన చేదు వాసన. ఆ వాసన నాకు పుట్టినప్పట్నుంచి తెలుసు. సదాపాకు! మా నాయనమ్మ బాలింత గది గుమ్మానికి కట్టేది, పసిబిడ్డ తలకింద పెట్టేది. గ్వెన్ కూడా లాక్కుని వాసన చూసి, వాళ్ళ పెరటి తలుపు పక్కన వాళ్ళ అమ్మమ్మ పెంచేది ఇదేనని కూర్చుండిపోయింది. వాళ్ళ మంత్రగత్తెల మొక్కల్లో ఇది ముందు వరసలో ఉంటుందట. ఉమ్ ఫాయెజ్‌ను ఇది దేనికని అడిగితే, "వాసనకి. కడుపునొప్పికి" అని ఆగి, "ఇంకేమీ లేదు" అంది, గట్టిగా. యాదగిరి మాత్రం ముక్కు మూసుకున్నాడు.

"గబ్బు వాసన మేడం. మీ ముగ్గురికే నచ్చింది."

తిరుగు దారి పట్టాం. నేనే అన్నాను, "ఎందుకయ్యా, నాదే అన్నావు? నీకు పిచ్చా?"

"మరేం జెయ్యాలె? నా కోసమే కట్టిండ్రు గద" అని రోడ్డు వైపే చూస్తూ నడిపాడు. నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. ఈసారి మిరపకాయల వల్ల కాదు.

విమానాశ్రయం: వట్టి చేతులు

కారు అమ్ముడుపోయింది, సొట్టతోనే. కాగితాలన్నీ సాఫీగా అయ్యాయి. యాదగిరిని ఎక్కించడానికి నేనూ గ్వెన్ విమానాశ్రయం దాకా వెళ్ళాం. కొత్త చొక్కా, దువ్విన జుట్టు, తాడు చుట్టిన పెట్టె. పెట్టెలో రాజవ్వకు దుప్పటి, అభా తేనె. లోపలికి పోయే గుమ్మం దగ్గర పోలీసు నిలబడి ఒక్కొక్కరి పాస్‌పోర్టు చూస్తున్నాడు.

యాదగిరి నా సంచి వైపు చూసి నవ్వాడు. "ఈసారి ఏం గట్టలే గద మేడం? కోతులుంటయ్ ఈడ గూడ."

నా రెండు చేతులూ చాపి చూపించాను. వట్టివే. గుట్టమీద గ్వెన్ వేలు గుర్తొచ్చింది. ఆ వట్టి చేతులే వాడి తల చుట్టూ తిప్పి, నా కణతలకు ఆనించి మెటికలు విరిచాను. పటపటా అన్నీ విరిగాయి. ఇన్నేళ్ళ దిష్టి మరి. గ్వెన్ కూడా చూసి చూసి అలాగే తిప్పి, కణతలకు నొక్కుకుంది. ఒక్కటే టక్కుమంది, దానికే మురిసిపోయింది. పోలీసు మా వైపు ఒకసారి చూశాడు. ఆడవాళ్ళు, ఖాళీ చేతులు, తల నొక్కుకుంటున్నారు. తర్వాతి పాస్‌పోర్టు తీసుకున్నాడు.

యాదగిరి వంచిన తల వెంటనే ఎత్తలేదు. ఎత్తాక కళ్ళు తుడుచుకుని పెట్టె పట్టుకున్నాడు. పదిహేనేళ్ళుగా మా ఇంట్లో మేడం అన్న మనిషి గుమ్మం దాటి వెనక్కి తిరిగాడు.

"పోయొస్త అక్కా" అన్నాడు.

తిరిగి రాడని ఇద్దరికీ తెలుసు. "మంచిది, వెళ్ళిరా తమ్ముడూ" అన్నాను.